రిపోర్టు మీ పేరు మీద వచ్చినప్పుడు: పిల్లల కోసం తిరుగుతున్న మగవాళ్లు మనసును ఎలా చూసుకోవాలి

సంతాన సాఫల్య కేంద్రంలో ఫైలు మీద భార్య పేరే ఉంటుంది. స్కానింగులు ఆమెకి, ఇంజెక్షన్లు ఆమెకి, డాక్టరమ్మ మాట్లాడేదీ ఆమెతోనే. మగవాడి పని ఫైలు మోయడం, బిల్లు కట్టడం, బండి ఎక్కడ పెట్టాలో చూసుకోవడం. మధ్యలో ఒకరోజు చేతికి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి వరండా చివర గది చూపిస్తారు. సాయంత్రానికి ఒక కాగితం వస్తుంది. నాకొచ్చిన కాగితంలో శుక్రకణాల కౌంట్ దగ్గర సున్నా ఉంది. "మేడమ్‌కి వచ్చే నెల నుంచి ఏం చేయాలో చూద్దాం" అన్నారు. నాకెలా ఉందని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే, అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు.

పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అంటే ఆ హాల్లో కుర్చీల్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న మగవాళ్లలో చాలామంది ఇదే కాగితం జేబులో పెట్టుకుని ఉంటారు. ఒకరితో ఒకరు మాట్లాడరు, అంతే. ఆ కాగితం అందిన రోజు నుంచి ఏం చేస్తే బాగుంటుందో ఇక్కడ వరుసగా చెప్తాను. కొన్ని నేను చేసినవి, కొన్ని చేయకుండా దెబ్బతిన్నవి.

మొదటి రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి

ఇంటికెళ్లి అన్నం తినండి. రాత్రి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టకండి. నేను తెల్లారేదాకా వెతికి, పొద్దున్నకల్లా నాకు నాలుగు జబ్బులున్నాయని తేల్చుకున్నాను. వాటిలో ఒక్కటీ లేదు.

మర్నాడు కాగితం తీసి నెమ్మదిగా చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన లెక్క ప్రకారం వీర్యం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకి శుక్రకణాలు 1 కోటి 60 లక్షలు, కదిలేవి 42 శాతం, ఆకారం సరిగా ఉన్నవి 4 శాతం. ఇవి కింది గీతలు. ఈ గీతలు ఎలా గీశారో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. ఏడాదిలోపే భార్యకి గర్భం వచ్చిన మగవాళ్లను పరీక్షించి, వాళ్లలో అందరికన్నా అడుగున ఉన్న 5 శాతం మంది దగ్గర గీత పెట్టారు. కాబట్టి గీత కింద ఉన్నవాళ్లలో కూడా తండ్రులైనవాళ్లున్నారు. ఇక 'అబ్‌నార్మల్ 96 శాతం' అని చూసి గుండె ఆగినంత పని అయినవాళ్లు చాలామంది ఉంటారు. 4 శాతం సరిగా ఉంటే చాలన్నప్పుడు మిగతావి 96 కాక ఎంతవుతాయి?

ఒక్క పరీక్షతో దేన్నీ తేల్చకూడదు. శుక్రకణం తయారై బయటికి రావడానికి సుమారు రెండున్నర నుంచి మూడు నెలలు పడుతుంది. రెండు నెలల కింద డెంగీయో టైఫాయిడో వచ్చి ఒళ్లు కాలిపోయి ఉంటే, దాని దెబ్బ ఇప్పుడు రిపోర్టులో కనబడుతుంది. రెండో పరీక్ష ఎప్పుడో డాక్టరునే అడగండి. శాంపిల్ ఇచ్చే ముందు రెండు నుంచి ఏడు రోజుల ఎడం ఉందో లేదో చూసుకోండి.

సున్నా వచ్చినా అందులో రకాలున్నాయి. తయారవుతున్నా దారి మూసుకుపోయి బయటికి రాకపోవడం ఒకటి. తయారీయే సరిగా లేకపోవడం ఇంకొకటి. మెదడు నుంచి రావాల్సిన హార్మోన్లు తక్కువైతే మందులతో కౌంట్ వచ్చే అవకాశం ఉంది. కొందరికి వృషణం నుంచి నేరుగా కణాలు తీసి, ఇక్సీ పద్ధతిలో ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కిస్తారు. మీది ఏ రకమో చెప్పాల్సింది ఆండ్రాలజిస్టు (మగవాళ్ల పునరుత్పత్తి సమస్యల డాక్టరు) గానీ, మగవాళ్ల సంతాన సమస్యలు చూసే యూరాలజిస్టు గానీ. గైనకాలజిస్టు దగ్గరే ఆగిపోకండి. మీకంటూ ఒక డాక్టరు, మీ పేరు మీద ఒక చీటీ ఉండటం మనసుకి కూడా అవసరం. అక్కడ మొదటిసారి మీరు రోగి అవుతారు, ఫైలు మోసేవాడిగా మిగలరు.

ఈ రోజుల్లోనే బస్టాండు గోడల మీది ప్రకటనలు ఎక్కడలేని నమ్మకం పుట్టిస్తాయి. లాడ్జిలో కూర్చుని పొడులమ్మే వైద్యుల జోలికి పోకండి. జిమ్‌లో ఎవరో చెప్పారని మగ హార్మోన్ ఇంజెక్షన్ అసలే వేయించుకోవద్దు. అది బయటి నుంచి ఎక్కితే, వృషణాలను పని చేయించే సంకేతాలను మెదడు ఆపేస్తుంది. ఉన్న కౌంట్ కూడా పడిపోతుంది.

కౌంట్ వేరు, మగతనం వేరు: రాసి పెట్టుకోండి

మన భాషే మనకి అన్యాయం చేసింది. ఆడవాళ్లని అనడానికి 'గొడ్రాలు' అనే పాడు మాట తయారుగా పెట్టుకున్నారు. మగవాడి దగ్గరికొచ్చేసరికి జనం నోట వచ్చేది 'వాడు మగాడు కాదట' అని. మూడు వేర్వేరు సంగతుల్ని ఒక మూటలో కట్టేశారు.

ఒక కాగితం మీద మూడు వరుసలు రాయండి. శుక్రకణాల సంగతి ఒకటి. పడకలో సామర్థ్యం ఒకటి. భర్తగా, కొడుకుగా, మనిషిగా మీరు ఏమిటన్నది ఒకటి. ల్యాబ్ కాగితం మొదటి వరుస గురించే మాట్లాడుతుంది. ఇది చిన్నపిల్లల పనిలా అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది, కౌన్సెలర్ బలవంతం మీద రాశాను. ఆ తర్వాత ఆఫీసులో ఎవరైనా వెనక నవ్వితే నా గురించేనేమో అన్న అనుమానం కొంత తగ్గింది.

రెండో వరుస కూడా దెబ్బతినే సందర్భం ఒకటుంది. "12, 14, 16 తేదీల్లో కలవండి" అని డాక్టరు రాసిచ్చాక పడకగది డ్యూటీ అయిపోతుంది. ఆ టెన్షన్‌లో అంగం గట్టిపడకపోవడం మామూలే. కేంద్రంలో ఆ గదిలో, బయట నర్సు తలుపు కొడుతుంటే శాంపిల్ రాకపోవడం కూడా అంతే మామూలు. దీన్ని దాచుకుని కుమిలిపోవద్దు. ఇంటి దగ్గర శాంపిల్ తీసి, చల్లబడకుండా ఒంటికి ఆనించుకుని, గంటలోపు తెచ్చివ్వవచ్చేమో అడగండి. ఐవీఎఫ్‌కి (అండాన్నీ శుక్రకణాన్నీ ఒంటి బయట కలిపే చికిత్సకి) అండాలు తీసే రోజు చేతులెత్తేస్తానేమో అని భయముంటే, ముందే ఒక శాంపిల్ ఫ్రీజ్ చేసి పెట్టమనండి. డబ్బాలో ఒకటి భద్రంగా ఉందని తెలిస్తే, ఆ రోజు వచ్చే అవకాశమే పెరుగుతుంది. నెలలో కొన్ని రోజులైనా పిల్లల లెక్క లేకుండా భార్యాభర్తలుగా ఉండండి.

భార్యతో మాట్లాడండి, కానీ త్యాగం చేయకండి

రిపోర్టు దాచి "ల్యాబ్ వాడింకా ఇవ్వలేదు" అని నెల గడిపినవాళ్లున్నారు. ఆ నెలంతా ఆమె తనలోనే లోపముందనుకుని మందులు మింగుతుంటుంది. కాబట్టి చెప్పండి, అదీ ఒకటి రెండు రోజుల్లో. కారులోనో, అత్తగారింట్లోనో కాదు. ఇద్దరే ఉన్నప్పుడు. మాటలు దొరక్కపోతే ఇవి వాడుకోండి: "రిపోర్టు వచ్చింది. నా వైపు సమస్య ఉందన్నారు. నాకు చాలా భయంగా ఉంది. ఇప్పుడే ఏం చేయాలో తేల్చొద్దు, నా పక్కన కూర్చో చాలు."

చాలామంది మగవాళ్లు ఇక్కడ సినిమాలోలా ఒక మాట అంటారు: "నన్ను వదిలేసి ఇంకో పెళ్లి చేసుకో." నేనూ అన్నాను. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "నేను ఏడవాల్సిన టైమ్‌లో నిన్ను ఓదార్చమంటున్నావు" అంది. ఆ మాటలో త్యాగం ఏమీ లేదని అప్పుడు తెలిసింది. నా బాధని ఆమె నెత్తిన పెట్టి, బరువైన నిర్ణయం ఆమెనే తీసుకోమన్నాను.

రోజంతా ఇదే మాట నడవకుండా ఒక హద్దు పెట్టుకోండి. రాత్రి భోజనం తర్వాత అరగంట పిల్లల విషయం, ఆసుపత్రి విషయం. తర్వాత అది బంద్. ఆ అరగంటలో ఆమె ఏడుస్తుంటే వెంటనే లెక్కలు, ప్లాన్లు మొదలుపెట్టకండి. "ఇప్పుడు వినమంటావా, ఏదైనా చేయమంటావా?" అని అడిగేయండి. మగవాళ్లకి ఏదో ఒకటి చేసేయాలన్న ఆత్రం ఎక్కువ. ఆమెకి అప్పుడు కావలసింది వినే మనిషి కావచ్చు.

మీరూ ఏడవవచ్చు. ఏడ్చే మగాడిని నమ్మకూడదని సామెత చెప్పినవాళ్లకి, దశరథుడు పురోహితుల్ని, మంత్రుల్ని పిలిపించి పిల్లల్లేక తనకు సుఖమే లేదని చెప్పుకున్న సంగతి గుర్తు రాలేదు కాబోలు.

"ఏమైనా విశేషమా?" అన్నవాళ్లకి మీరే జవాబు చెప్పండి

ఇదంతా చదవకపోయినా ఈ ఒక్క భాగం చదవండి. మన ఇళ్లల్లో మగవాడి లోపాన్ని భార్య మౌనంగా తన మీద వేసుకుంటుంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో అందరూ అడిగేది ఆమెనే. ఆమె నవ్వేసి ఊరుకుంటుంది, లేదా "నాకే ఏదో హార్మోన్ ప్రాబ్లమ్ అట" అంటుంది, మీ పరువు కోసం. మీరు పక్కనే ఉండి విననట్టు ఊరుకుంటే ఆ మచ్చ ఆమెకి ఉండిపోతుంది. మీ ఆరోగ్య విషయం ఊరందరికీ చెప్పనక్కర్లేదు. కానీ మీ మౌనానికి బిల్లు ఆమె కట్టకూడదు.

చేయాల్సింది ఇది. మీ వైపు వాళ్లకి మీరే చెప్పాలి, ఆమె వైపు వాళ్లకి ఆమె. ఎవరికి ఎంత చెప్పాలో ముందే ఇద్దరూ అనుకోండి. అమ్మతో అయితే: "అమ్మా, ఇద్దరం డాక్టరుకి చూపించుకుంటున్నాం. ఏదైనా ఉంటే నేనే నీకు చెప్తా. తనని మాత్రం అడగొద్దు, నన్నే అడుగు." ఇందులో అబద్ధమూ లేదు, వివరమూ లేదు. అమ్మ ఊరుకోకుండా "అమ్మాయిని ఫలానా గుడికి తీసుకెళ్లి ప్రదక్షిణలు చేయించు" అంటే, "నేనూ వస్తాను, ఇద్దరం చేస్తాం" అనండి. గుడికి వెళ్లడం తప్పు కాదు. ఆమె ఒక్కతే ఎందుకు తిరగాలన్నదే ప్రశ్న.

దూరపు బంధువులకి, ఆఫీసు వాళ్లకి ఒకటే వాక్యం బట్టీ పట్టండి: "ఉంటే మీకు చెప్పకుండా ఉంటామా అండీ!" అని మాట మార్చేయండి. మొండివాళ్లుంటారు, రెండోసారీ మూడోసారీ అడుగుతారు. అప్పుడు నవ్వు కూడా అక్కర్లేదు, "ఆ విషయం మాట్లాడటం మాకిష్టం లేదు బాబాయ్" అంటే చాలు. ఒకసారి అంటే ఏడాది పాటు ప్రశాంతంగా ఉంటుంది, నాది గ్యారంటీ.

బారసాలలు, సీమంతాలు కష్టం. వెళ్లాలనిపిస్తే భోజనాల వేళకి వెళ్లి, గిఫ్టు ఇచ్చి, అరగంటలో వచ్చేయండి. వెళ్లలేకపోతే డబ్బులు పంపి ఫోన్ చేయండి. తమ్ముడి బిడ్డని ఎత్తుకున్నప్పుడు కుళ్లు పుట్టిందని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అది దుఃఖమే, వేరే వేషంలో వస్తుంది.

పూర్తి నిజం తెలిసిన మనిషి బయట ఒక్కరైనా ఉండాలి. అన్నయ్యో, బావమరిదో, చిన్ననాటి స్నేహితుడో. చెప్పేటప్పుడే "సలహా వద్దురా, ఎవరికీ చెప్పకు, అప్పుడప్పుడు టీకి రా" అని షరతు పెట్టండి.

కౌన్సెలర్ దగ్గరికి ఎలా వెళ్లాలి

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. "నాకేమైనా పిచ్చా?" అని. పంటి నొప్పికి పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే ఇదీ.

ముందు మీరు వెళ్లే కేంద్రంలోనే అడగండి. 2021 నాటి ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల) నియంత్రణ చట్టం ప్రకారం దంపతులకు చికిత్స వల్ల లాభనష్టాలు, గెలుపు అవకాశాలు, ఖర్చు, ప్రమాదాలు వివరించి అర్హులైన వారితో కౌన్సెలింగ్ ఇప్పించడం కేంద్రం బాధ్యత. ఫిర్యాదులు తీసుకునే విభాగం కూడా ఉండాలి. కాబట్టి "కౌన్సెలర్‌తో నాకు విడిగా టైమ్ కావాలి" అని రిసెప్షన్‌లో అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. కొన్నిచోట్ల కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లు ప్యాకేజీలు అమ్మేవాళ్లు. నాకు మొదట తగిలింది అలాంటి ఆవిడే, ఐదో నిమిషంలో ఈఎంఐ కాగితం తీసింది. మాట మొదలైన కాసేపటికే డబ్బు దగ్గరికి వస్తే, మర్యాదగా లేచి వచ్చేయండి.

బయట చూసుకునేటట్టయితే క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. మందులు అవసరమైతే సైకియాట్రిస్టు రాస్తారు. ప్రభుత్వ వైద్యం కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ మానసిక వైద్యశాలలున్నాయి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి. ముఖం చూపించి మాట్లాడటమే ఇబ్బందైతే టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పని చేస్తుంది. నా మొదటి ఫోన్ మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని చేశాను. సగం సేపు నేనేమీ మాట్లాడలేదు, అవతలి మనిషి ఫోన్ పెట్టేయలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, మందు తాగుతారా, ఇంట్లో ఎవరెవరున్నారు లాంటివి అడుగుతారు. తడుముకోకుండా ముందే మూడు విషయాలు చీటీ మీద రాసుకెళ్లండి: ఎక్కువగా బాధపెడుతున్నది ఏది, అది ఏ వేళలో ఎక్కువవుతుంది, ఇప్పటిదాకా ఏం చేసి చూశారు. "నేను చెప్పింది మా ఆవిడకి చెప్తారా?" అని మొహం మీదే అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి లాంటి కొన్ని సందర్భాల్లోనే దానికి మినహాయింపు. మొదట ఒక్కరే వెళ్లండి, తర్వాత ఇద్దరూ. ఒక్క రోజులో మనసు తేలికపడదు. మూడుసార్లు వెళ్లాక కూడా ఆ మనిషితో మాట కలవకపోతే వేరేవాళ్లని చూసుకోండి. అది మీ ఓటమీ కాదు, వాళ్ల తప్పూ కాదు.

రెండు వారాలకి పైగా నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా, రోజూ తాగితే గానీ పడుకోలేకపోయినా సైకియాట్రిస్టుని చూడాల్సిందే. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పండి, ఒంటరిగా ఉండకండి, 14416కి ఫోన్ చేయండి. మందులు రాస్తే, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని సైకియాట్రిస్టుకి చెప్పండి. కొన్నింటి వల్ల కోరిక తగ్గడం, వీర్యం ఆలస్యంగా పడటం ఉంటాయి, దాన్ని బట్టి మందు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

దాత వీర్యం మాట వచ్చినప్పుడు

ఆపరేషన్ చేసి వృషణంలో శుక్రకణాల కోసం వెతికే రోజు ఇది తరచుగా జరుగుతుంది. అవతల భార్య అండాలు సిద్ధంగా ఉంటాయి. ఇవతల మీలో ఏమీ దొరకలేదని చెప్తారు. "దాతది వాడదామా, ఇప్పుడే చెప్పండి" అని కాగితం పెడతారు. మత్తు పూర్తిగా దిగని మనిషి ఆ క్షణంలో ఏం చెప్పినా అది నిర్ణయం కాదు. కాబట్టి ఆ రోజుకి కనీసం నెల ముందే ఈ ప్రశ్న మీద విడిగా కౌన్సెలింగ్‌కి కూర్చోండి. దొరక్కపోతే అండాలు ఫ్రీజ్ చేసి ఆగుదామా, దాతకి ఒప్పుకుందామా, అక్కడితో ఆపేద్దామా? ఇద్దరూ ఒకటే మాట మీదికి వచ్చాక డాక్టరుకి చెప్పండి. మీ ఇద్దరి రాతపూర్వక సమ్మతి లేకుండా ఏమీ చేయకూడదు. పిండాన్ని గర్భంలో పెట్టేలోపు ఆ సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు కూడా చట్టం ఇచ్చింది.

దాత వీర్యంతో పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో మీ బిడ్డే, దాతకి ఏ హక్కూ ఉండదు. చట్టం అంత తేలిగ్గా మనసు ఒప్పుకోదు. "వాడు నా పోలికతో ఉండడు" అన్న దిగులు ముందు బయటికి రావాలి. అది రాకుండా పైపైన "సరే" అన్నవాళ్లు తర్వాత ఆ బిడ్డని ఎత్తుకోవడానికి తడబడతారు. కౌన్సెలర్ దగ్గర ఏడవాల్సిన విషయం ఇదే. బిడ్డకి ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది కూడా అక్కడే మాట్లాడుకోండి.

దత్తత వైపు మనసు పోతే, దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. దంపతులైతే కనీసం రెండేళ్ల వైవాహిక జీవితం, ఇద్దరి అంగీకారం ఉండాలి. ఎదురుచూపు పొడవు, దానికీ ఓపిక పెట్టుకునే దిగాలి.

ఎక్కడ ఆపాలో ముందే రాసుకోండి

ఎన్ని సైకిళ్లు (చికిత్స విడతలు), ఎంత డబ్బు, ఏ సంవత్సరం దాకా: ఈ మూడూ చికిత్స మొదలుకాక ముందే ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఫెయిలైన రోజు సాయంత్రం "ఇంకొక్కసారి" అన్న మాటకి పొలాలు అమ్మినవాళ్లున్నారు. అంకె చేరాక పెంచుకోవచ్చు, కానీ నెల రోజులు ఆగి, కౌన్సెలర్ ముందు కూర్చుని పెంచుకోండి. మధ్యలో ఆరు నెలలు అన్నీ ఆపేసి ఊరెళ్లి రావడం కూడా చికిత్సలో భాగమే అనుకోండి. కాకపోతే భార్య వయసు ముప్పై అయిదు దాటి ఉంటే ఎంతకాలం ఆగవచ్చో డాక్టరుని అడిగి ఆగండి.

మగవాళ్లు ఎక్కువగా కుంగేది చికిత్స జరుగుతున్నప్పుడు కాదని నా అనుభవం. అప్పుడు తిరుగుడు ఉంటుంది, మోయడానికి ఫైలు ఉంటుంది. అది ఆగిపోయిన తర్వాతి నెలలో, పొద్దున్నే ఇంజెక్షన్‌కి అలారం మోగదు, ఏం చేయాలో తోచదు. అందుకని చివరి సైకిల్ బిల్లు కట్టిన రోజే, ఫలితం ఏదైనా సరే, ఆ పై నెలకి కౌన్సెలర్ దగ్గర రెండు అపాయింట్‌మెంట్లు రాయించుకోండి. ఒకటి మీ ఒక్కరికి, ఒకటి ఇద్దరికి.